కాగితం మీద 200 గజాలు

షాద్‌నగర్ దాటాక కుడిచేతి వైపు మట్టిబాట. ఆదివారం పొద్దున ఏడున్నర. కారు దిగిన పెద్దాయన చేతిలో ప్లాస్టిక్ కవరు. అందులో సేల్‌డీడ్ జిరాక్సు, మడతల దగ్గర చిరిగిన లేఔట్ బ్రోచరు. ఎదురుగా నడుమెత్తు పత్తిచేను.

‘‘ఇక్కడో వేపచెట్టు ఉండాలి. దాని నుంచి మూడో ప్లాటు మాది’’ అన్నారాయన.

వేపచెట్టు లేదు. బ్రోచర్లో ‘40 అడుగుల రోడ్డు’ అని గీసిన చోట ట్రాక్టరు చాళ్లు కనిపిస్తున్నాయి. ‘పార్కు’ అన్నచోట ఎవరిదో బోరు షెడ్డు. ఆయన రిటైర్డ్ టీచరు. పీఎఫ్ మీద లోను తీసుకుని ఇక్కడ 200 గజాలు కొని ఇరవై ఏళ్లు కావస్తోంది. రిజిస్ట్రేషన్ రోజున ఒకసారి, పిల్లాడి పెళ్లప్పుడు ఒకసారి వచ్చి చూశారట. ఇప్పుడు కొడుకు ఇల్లు కడదామంటున్నాడు. ఆ కొడుకు డాలస్ నుంచి వాట్సాప్ వీడియోలో, ‘‘నాన్నా, ఫోను కొంచెం అటు తిప్పండి, రాళ్లేమైనా కనబడుతున్నాయా?’’ అని అడుగుతున్నాడు.

వెంట వచ్చిన కుర్ర సర్వేయరు మూడుకాళ్ల స్టాండు దించి, పసుపు పెట్టె తెరిచి, పుట్టగొడుగులా ఉన్న రిసీవర్‌ని కర్రకు బిగించాడు. ‘‘సార్, మీ రాయి సంగతి తర్వాత. ముందు ఈ సర్వే నంబరు రాయి ఒక్కటి దొరకాలి. అది దొరికితే మిగతావన్నీ దానంతటవే వస్తాయి’’ అంటూ హెల్పరు చేతికి గడ్డపార అందించాడు.

రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఊరి చివర వెంచర్లలో ఆదివారం పూట ఇలాంటి కారొకటి, కవరొకటి కనిపిస్తూనే ఉంటాయి. కవర్లోని కాగితం అబద్ధం చెప్పదు. నేలా చెప్పదు. ఆ రెండూ ఒకదాన్నొకటి ఎప్పుడూ చూసుకోకపోవడమే చిక్కు.

ఇప్పుడెందుకీ హడావుడి?

నిన్నమొన్నటి దాకా సర్వేయరంటే పొలం పంపకాలప్పుడు గుర్తొచ్చే మనిషి. ఇప్పుడు అపార్ట్‌మెంట్ గేటు దగ్గర, పెళ్లి భోజనాల బంతిలో కూడా సర్వే మాటే. కారణాలు ఒకటి కాదు.

హైదరాబాద్‌లో 2024 జులైలో హైడ్రా అనే సంస్థ ఏర్పడి చెరువుల చుట్టూ కూల్చివేతలు మొదలయ్యాక ‘ఎఫ్‌టీఎల్’ అన్న మాట ఇంటింటి మాటయింది. చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో ఆ గీత అది. ఆ గీతకు తమ ఇల్లు ఇవతలుందా, అవతలుందా అన్నది చాలామందికి అప్పటిదాకా తట్టని ప్రశ్న. కొనేటప్పుడు చూసింది మెట్రోకి ఎంత దూరం, స్కూలుకి ఎంత దూరం అనే. చెరువుకి ఎంత దూరమో చూసింది ‘లేక్ వ్యూ’ కోసం!

తెలంగాణలో ధరణి పోర్టల్ స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి వచ్చింది. భూమి చేతులు మారేటప్పుడు సర్వే చేసిన పటాన్ని కూడా జతచేసే ఏర్పాటు కొత్త చట్టంలో ఉంది. అంత పని మండలానికి ఒకరో ఇద్దరో ఉన్న ప్రభుత్వ సర్వేయర్ల వల్ల కాదు కాబట్టి, శిక్షణ ఇచ్చి, పరీక్ష పెట్టి, 2025 అక్టోబరులో మూడు వేల మందికి పైగా లైసెన్స్‌డ్ సర్వేయర్లకు లైసెన్సులు చేతికిచ్చారు.

ఆంధ్రప్రదేశ్‌లో కథ అంతకుముందే మొదలైంది. బ్రిటిష్ వాళ్లు కొలిచిన వందేళ్లకు మళ్లీ ఊరూరా కొలుస్తామంటూ 2020 డిసెంబరు 21న జగ్గయ్యపేట దగ్గర తక్కెళ్లపాడులో రీసర్వే ప్రారంభమైంది. డ్రోన్లు ఎగిరాయి, గ్రానైట్ రాళ్లు దిగాయి, పాత సర్వే నంబర్ల స్థానంలో ప్రతి భూమి ముక్కకూ ఎల్‌పీఎం నంబర్లు వచ్చాయి. విస్తీర్ణం తగ్గిందనీ, నలుగురి భూమిని కలిపి ఒకే ‘జాయింట్ ఎల్‌పీఎం’ కింద వేసేశారనీ ఫిర్యాదులు కూడా వెల్లువెత్తాయి. రాళ్ల మీద ఎవరి బొమ్మ ఉండాలన్నది ఎన్నికల అంశమైంది. రీసర్వేతో ముడిపడిన భూహక్కు చట్టం 2024లో రద్దయింది. రాజకీయం పక్కనపెడితే ఒకటి నిజం: సెంటు తగ్గిందో పెరిగిందో తేల్చుకోవడానికి తమ పొలం గట్టు మీద నిలబడి, సర్వేయరు భుజం మీదుగా స్క్రీన్‌లోకి తొంగిచూసే అవకాశం సామాన్య రైతుకు మొదటిసారి వచ్చింది.

పట్టణాల వంతు కూడా వచ్చేసింది. దేశంలోని 152 పట్టణాల్లో ఇళ్ల స్థలాల కొలతల కోసం కేంద్రం 2025 ఫిబ్రవరిలో ‘నక్షా’ కార్యక్రమం మొదలుపెట్టింది. పల్లెల్లో గ్రామకంఠం భూములకు 2020 నుంచి స్వామిత్వ పథకం ఉంది. గ్రామకంఠం అంటే ఊరు ఊరంతా ఒకే నంబరు. ఎవరిల్లు ఎక్కడిదాకా అన్నది తాతలు చెప్పుకున్న మాటే తప్ప పటంలో ఉండేది కాదు.

రిజిస్ట్రారు చూసేది కాగితమే

‘‘గవర్నమెంటు రిజిస్ట్రేషన్ చేసిందంటే అంతా సవ్యంగా ఉన్నట్టే కదా’’ అనుకునేవాళ్లకు 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం నిరాశే మిగులుస్తుంది. సబ్‌రిజిస్ట్రారు ముందుకొచ్చేది దస్తావేజు. ఆస్తిని గుర్తుపట్టేలా వివరం అందులో ఉందా, స్టాంపు సుంకం కట్టారా, అమ్మేవారూ కొనేవారూ వచ్చి వేలిముద్ర వేశారా అన్నది ఆయన చూస్తారు. నిషేధిత జాబితాలో, అంటే 22ఏలో, ఆ నంబరు ఉంటే ఆపుతారు. అంతేగానీ టేపు పట్టుకుని మీ ప్లాటు దగ్గరికి రారు. రావడం ఆయన పనీ కాదు.

అందుకే దస్తావేజు వెనక పేజీలో నాలుగు హద్దులు రాసినచోట వింతలు కనిపిస్తాయి. ‘తూర్పు: ప్లాటు నం. 113, పడమర: ప్లాటు నం. 115, ఉత్తరం: రోడ్డు, దక్షిణం: ఇతరుల భూమి.’ 114వ ప్లాటు హద్దులివి. చదవడానికి బాగుంది. ఆ 113 తానెక్కడుందో 114ను హద్దుగా చూపి చెప్పుకుంటుంది. 114 తానెక్కడుందో 113ను హద్దుగా చూపి చెప్పుకుంటుంది. ఇద్దరికీ ఆధారమైన రాయి మాత్రం ఎక్కడా లేదు.

పాత పంచాయతీ లేఔట్లలో ఇంకో ప్రమాదం పొంచి ఉంది. రైతు దగ్గర పదెకరాలు మాట్లాడుకుని, సున్నం గీతలు గీసి, రాళ్లు పాతి, గజాల లెక్కన అమ్మేస్తారు. వ్యాపారి వెళ్లిపోతాడు. కొన్నవాళ్లు ఉద్యోగాలకు వెళ్లిపోతారు. రెవెన్యూ రికార్డులో మాత్రం ఆ పదెకరాలు రైతు పేరు మీద వ్యవసాయ భూమిగానే ఉండిపోతాయి. పదేళ్లకు రైతు కొడుకు రాళ్లు పీకి దున్నుకుంటాడు. ధర పెరిగాక అదే నేలను ఎకరాల లెక్కన ఇంకొకరికి అమ్ముతాడు. కొత్తాయన చేతిలో పట్టాదారు పాసుపుస్తకం. పాతవాళ్ల చేతిలో గజాల దస్తావేజులు. రెండూ రిజిస్టరైనవే!

తెలంగాణలో 2020 నాటి లేఔట్ల క్రమబద్ధీకరణ పథకం ఎల్ఆర్ఎస్‌కు దాదాపు పాతిక లక్షల దరఖాస్తులు వచ్చాయంటే అనుమతి లేని లేఔట్లలో ఎంతమంది కష్టార్జితం పాతుకుపోయి ఉందో ఊహించుకోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2020లో ఒకసారి, 2025లో మరోసారి క్రమబద్ధీకరణ తెరిచారు. ఎల్ఆర్ఎస్ రశీదు చూసి చాలామంది ఊపిరి పీల్చుకుంటారు. అది లేఔటు లోపాన్ని సరిచేస్తుంది. మీ నాలుగు మూలలు ఎక్కడున్నాయో చెప్పడం దాని పని కాదు.

> ఒక్క ఎకరం, ఎన్ని భాషలు!
>
> ఎకరానికి 4,840 గజాలు. అంటే 43,560 చదరపు అడుగులు. ఇంతవరకు ఎవరికీ తగాదా లేదు. తెలంగాణలో దాన్ని 40 గుంటలంటారు. గుంట 33 అడుగుల చదరం, 121 గజాలు. కోస్తా, రాయలసీమల్లో 100 సెంట్లంటారు. సెంటు 48.4 గజాలు.
>
> నెల్లూరు వెళితే ఇళ్ల స్థలాలు అంకణాల్లో పలుకుతాయి. అక్కడ అంకణం 72 చదరపు అడుగులు. తిరుపతి దగ్గరికొచ్చేసరికి అదే అంకణం 36 చదరపు అడుగులు. నెల్లూరాయన తిరుపతిలో స్థలం బేరమాడేటప్పుడు ఈ సంగతి ముందే అడగడం మంచిది!
>
> పేదల ఇళ్ల స్థలాల పథకాల్లో ‘సెంటున్నర’, ‘మూడు సెంట్లు’ అని వినిపించే లెక్కలు గజాల్లో దాదాపు 73, 145.

గొలుసు పోయి రోవర్ వచ్చె

సెంటు ఎక్కడి నుంచి వచ్చిందో తెలిస్తే సగం సర్వే అర్థమైనట్టే. ఎడ్మండ్ గంటర్ అనే ఇంగ్లిష్ గణితజ్ఞుడు 1620 ప్రాంతంలో 66 అడుగుల గొలుసు తయారుచేశాడు. అందులో 100 లింకులు. ఆ గొలుసు వెడల్పున, పది గొలుసుల పొడవున ఉన్న నేల సరిగ్గా ఎకరం. అందులో నూరో వంతు సెంటు. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858 నుంచి సాగిన రెవెన్యూ సర్వేకు, 1923 నాటి సర్వే, హద్దుల చట్టానికి ఈ లింకుల లెక్కే ఆధారం. నేటికీ ఆంధ్ర ప్రాంతంలో ఎఫ్ఎంబీ (సర్వే నంబరు కొలతల పటం) నకలు తీసి చూస్తే గీతల పక్కన అంకెలు మీటర్లలో కాక లింకుల్లో కనిపిస్తాయి. నిజాం ఇలాకాలో పద్ధతి వేరు. అక్కడ 33 అడుగుల గొలుసు, దానికి 16 అణాలు. రూపాయికి ఎన్ని అణాలో గొలుసుకీ అన్నే! ఆ కొలతల పటమే టిప్పన్. దాని తోడు సేత్వార్, ఖాస్రా పహాణీ రికార్డులు. హైదరాబాద్ చుట్టుపక్కల ఇంటి జాగా కొనేవారు లాయరు నోట వినే ఈ పేర్లన్నీ ఆ పాత రికార్డులవే.

పొలం ఏ ఆకారంలో ఉన్నా దాన్ని త్రిభుజాలుగా కోయడమే పాత సర్వేయర్ల కిటుకు. ఒక మూల నుంచి ఎదురు మూలకు పొడవైన గీత. వంపు తిరిగిన గట్టు దగ్గర ఆ గీత నుంచి లంబంగా చిన్న చిన్న కొలతలు. గొలుసు లాగే చైన్‌మన్ ముళ్లకంపల్లోంచి నడవాల్సిందే. ఇటువైపు వాడు ‘లాగు’ అంటే అటువైపు వాడు లాగాలి, ‘వదులు’ అంటే వదలాలి. నూరేళ్ల కిందటి ఆ కొలతలతోనే ఇవాళ్టి వెంచర్ల గజాలు మొలిచాయి.

ఇప్పుడు గొలుసుల కాలం పోయింది. సామర్లకోట సర్వే శిక్షణ అకాడమీలో గానీ, హైదరాబాద్‌లో గానీ కొత్తగా పని నేర్చుకునేవారి చేతిలో ఉండేవి ఈటీఎస్, డీజీపీఎస్, రోవర్ యంత్రాలు. రోవర్ ఆకాశంలోని ఉపగ్రహాలనూ, నేల మీద ఎక్కడో శాశ్వతంగా పాతిన కార్స్ స్టేషన్‌నూ ఒకేసారి విని లెక్క కడుతుంది. కర్రకున్న నీటిబుడగ గుండ్రటి గీత మధ్యకి రావాలి. స్క్రీన్ మీద ‘ఫ్లోట్’ అని ఉన్నంతసేపూ ఆగాలి. ‘ఫిక్స్’ అని పడగానే పాయింటు తీసుకోవాలి. చెట్టు కిందో, పెద్ద బిల్డింగు పక్కనో అయితే ఆ ఫిక్సు ఓ పట్టాన రాదు. వచ్చిందంటే తేడా సెంటీమీటర్లలోనే.

మరి చేతిలో ఫోను ఉందిగా, గూగుల్ మ్యాప్‌లో పిన్ను పెట్టుకుంటే చాలదా? ఫోను చూపించే చోటు మామూలుగా 3 నుంచి 5 మీటర్లు అటూఇటూ ఉంటుంది. 30 అడుగుల ప్లాటు వెడల్పు 9 మీటర్లు. పిన్నును నమ్ముకుంటే పక్కాయన వంటగదిలో పునాది తీసే ప్రమాదముంది.

ఇంతకీ రోవర్ వచ్చినంత మాత్రాన గొడవలు తీరవు. ఎందుకో అనుభవమున్న ఏ సర్వేయరుని అడిగినా చెబుతారు. ‘నువ్వు ఎక్కడ నిలబడ్డావు’ అన్నది ఆ యంత్రం చెబుతుంది. ‘హద్దు ఎక్కడ’ అన్నది పాత రాయి చెప్పాలి. లింకుల్లో గీసిన పాత పటానికి అక్షాంశ రేఖాంశాలు లేవు. కాబట్టి నేల మీద రెండు మూడు పాత గుర్తులు దొరికితేనే ఆ పటాన్ని ఇవాళ్టి నేల మీద సరిగ్గా పరవగలరు. అందుకే మూడు ఊళ్ల పొలిమేరలు కలిసేచోట ఉండే ట్రైజంక్షన్ రాయి కోసం మైలు దూరమైనా నడుస్తారు. ఆ రాళ్లు రోడ్డు పనుల్లో పోయాయి, కొన్ని ఇళ్ల ముందు బట్టలుతికే బండలయ్యాయి, కొన్ని పసుపు కుంకుమ పూయించుకుని పోతురాజులయ్యాయి. చిత్రంగా, దేవుళ్లయిన రాళ్లే కదలకుండా మిగిలాయి.

వాస్తు తినేసిన ముక్క

మన దగ్గర ఇంటి స్థలంలోకి మొదట అడుగుపెట్టేది వాస్తు సిద్ధాంతి. తర్వాత మేస్త్రీ. ఆ తర్వాత ఇంజినీరు, వస్తే! సర్వేయరు వచ్చేది గోడ లేచి పక్కాయన అరిచాక. ఈ వరస తలకిందులైతే బోలెడంత డబ్బు మిగులుతుంది.

ఓ మామూలు ప్లాటు తీసుకోండి. రోడ్డు కాస్త ఏటవాలుగా పోవడంతో ఆగ్నేయం పెరిగింది, ఈశాన్యం తగ్గింది. సిద్ధాంతి దిక్సూచి పెట్టి చూసి, ‘ఆగ్నేయం పెరిగితే మంచిది కాదు, ఇక్కడ రెండడుగులు కోసి గోడ కట్టుకోండి’ అంటారు. యజమాని సరేనని తన స్థలంలోనే రెండడుగుల లోపలికి గోడ పెట్టుకుంటారు. గోడ అవతల తోకలా ఒక ముక్క మిగులుతుంది. చదరంగా మారిన ఇంట్లో అందరూ సుఖంగా ఉంటారు.

పక్క ప్లాటాయన ఇల్లు కట్టేటప్పుడు ఎలాగూ గోడ ఉంది కదా అని దాన్నే ఆనించుకుని కారు షెడ్డు వేస్తాడు. ఇద్దరూ మంచివాళ్లే. పండక్కి అరిసెలు ఇచ్చిపుచ్చుకునేవాళ్లే. పిల్లల తరం వచ్చి ఇంటిని అమ్మకానికి పెట్టి, కొనేవాడు టేపు పట్టాకే దస్తావేజులో 200 ఉన్నవి నేల మీద 187 అని బయటపడుతుంది. ‘ఆ ముక్క మాది’ అంటే, ‘పాతికేళ్లుగా మా షెడ్డు ఉంది’ అన్న సమాధానం వస్తుంది. ఎదుటివారి హక్కును కాదంటూ, బహిరంగంగా, ఎడతెగకుండా 12 ఏళ్లు అనుభవించినవారు కోర్టులో దాన్నే హక్కుగా చెప్పుకోవచ్చని కాలపరిమితి చట్టం చెబుతుంది. నిరూపించడం తేలిక కాదు గానీ, కోర్టు మెట్లెక్కించడానికి ఆ మాట చాలు.

వాస్తు మీద నమ్మకం ఎవరిష్టం వారిది. లోపల గోడ కట్టుకున్నా, అసలు హద్దు మీద నాలుగు రాళ్లు పాతి, ఫొటో తీసి దాచుకుంటే ఏ దిక్కుకూ దోషం రాదు.

నాలుగు వైపులూ సరే, మూలల సంగతి?

స్థలం కొనేవారిలో జాగ్రత్తపరులు టేపు తీసుకెళతారు. ముందు 30 అడుగులు, వెనక 30, కుడి 60, ఎడమ 60. లెక్క సరిపోయిందని సంతోషంగా అడ్వాన్సు ఇస్తారు. కానీ ఆ నాలుగు కొలతలూ సరిపోయినా గజాలు తగ్గే వీలుంది. అగ్గిపెట్టె డొప్పని పక్కకి కాస్త నొక్కి చూడండి. వైపుల పొడవు మారదు. లోపలి జాగా తగ్గిపోతుంది. మూల 90 డిగ్రీలు ఉండాల్సింది 75 అయితే 200 గజాల ప్లాటులో మిగిలేది దాదాపు 193. గజం 50 వేలు పలికే చోట మూడున్నర లక్షలకు దగ్గర నష్టం, ఎవరూ ఎవరినీ మోసం చేయకుండానే.

దీనికి మందు కూడా టేపులోనే ఉంది. మూల నుంచి ఎదురు మూలకు కొలవాలి. 75 డిగ్రీలకు వాలిన ఆ ప్లాటులో ఒక ఐమూల 73 అడుగుల 8 అంగుళాలు వస్తే, రెండోది 60 అడుగులు కూడా రాదు. సరైన చదరమైతే రెండూ సమానంగా ఉంటాయి. మేస్త్రీలు మూలమట్టం చూసే 3-4-5 లెక్కకు ఇది అన్నగారు.

గోడ పక్కన పేచీ

హద్దు తగాదా వచ్చిందనుకోండి. మొదటి మెట్టు, హద్దు కొలిచి చూపమని కోరే ఎఫ్‌లైన్ దరఖాస్తు. మీసేవలోనో, ఆంధ్రలో అయితే గ్రామ సచివాలయంలోనో పెట్టుకుంటే సర్వేయరు చుట్టుపక్కల వాళ్లకు నోటీసులిచ్చి, తేదీ చెప్పి వస్తారు. ఆ నోటీసే కీలకం. పక్కాయన లేకుండా కొలిచిన కొలత ఎంత కచ్చితమైనదైనా ఊళ్లో నిలవదు. కొలత అయ్యాక స్కెచ్చు, పంచనామా, సంతకాలు. ‘సంతకం పెట్టను పో’ అనేవారు ప్రతి వీధికీ ఒకరు ఉంటారు. అదీ పంచనామాలో రాసుకుంటారు.

కోర్టుకు వెళితే జడ్జి అడ్వకేటు కమిషనరుని వేసి, సర్వేయరుని తోడిచ్చి స్థలానికి పంపుతారు. అక్కడ తరచూ ఒక ప్రశ్న ఎదురవుతుంది. దస్తావేజులో విస్తీర్ణం 200 గజాలు, రాసిన నాలుగు హద్దుల మధ్య కొలిస్తే 190. ఏది నమ్మాలి? మామూలుగా కోర్టులు హద్దుల వైపే మొగ్గుతాయి. అంటే, ‘200 గజాలకు డబ్బిచ్చాను’ అన్న వాదన కన్నా ఏ గోడకూ ఏ రోడ్డుకూ మధ్య కొన్నారన్నదే బలమైన మాట. హద్దుల గడిలో ‘ఇతరుల భూమి’ అని రాయించుకున్నవాళ్లకు ఆ బలమూ ఉండదు.

ఈ తగాదాల్లో డబ్బుకన్నా ముందు పోయేది మాట. అడుగు వెడల్పు సందు కోసం అన్నదమ్ములు ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లని ఇళ్లు మన ప్రతి ఊళ్లో ఉన్నాయి. 60 అడుగుల పొడవున ఒక్క అడుగంటే ఏడు గజాలు కూడా లేదు. కేసు నడిచిన ఏళ్లలో వకీలు ఫీజుకైన ఖర్చుతో చాలామంది ఆ ఏడు గజాలనూ రెండుసార్లు కొని ఉండేవారు.

> నీళ్లకీ హద్దుంది
>
> 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం, 10 హెక్టార్లు అంతకు మించిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత నుంచి 30 మీటర్లు, అంతకంటే చిన్న చెరువైతే 9 మీటర్లు ఖాళీగా వదలాలి. అదే బఫర్. 10 మీటర్ల కన్నా వెడల్పున్న వాగు, కాల్వ, నాలాల ఒడ్డు నుంచి 9 మీటర్లు. చిన్న నాలాకు 2 మీటర్లు.
>
> ఎండాకాలంలో చూస్తే శికం భూమి (చెరువు గర్భం) క్రికెట్ మైదానంలా ఉంటుంది. ప్లాటు చూడ్డానికి వానాకాలంలో వెళ్లమని పాతవాళ్లు అనేది ఇందుకే.

హద్దు తేలాక అసలు పని

నాలుగు మూలలు తేలితే సర్వే అయిపోయిందనుకుంటారు. ఇంటికి కావలసిన సర్వే అప్పుడే మొదలవుతుంది. నేల ఎటు వాలింది? రోడ్డుకన్నా ఎంత పల్లం? వాన నీరు ఎవరి జాగాలోంచి వచ్చి ఎటు పోతోంది? కరెంటు స్తంభం, హైటెన్షన్ తీగ, డ్రైనేజీ మ్యాన్‌హోలు ఎక్కడున్నాయి? మాస్టర్‌ప్లాన్‌లో ఎదుటి రోడ్డు వెడల్పయితే ముందు నుంచి ఎంత పోతుంది? ఇవన్నీ ఒకే కాగితం మీదికి వస్తే దాన్నే సైట్ ప్లాన్ అంటారు. ఇల్లు గీసేది దాని మీదే. మన దగ్గర చాలా ఇళ్లకు అనుమతి కోసం గీసిన ప్లానొకటి, కట్టడానికి గీసుకున్నదొకటి ఉంటాయన్నది అందరికీ తెలిసిన రహస్యం.

ఎత్తుల సంగతి మరీ నిర్లక్ష్యం. పాతికేళ్ల కిందట రోడ్డుకన్నా మూడు మెట్లు పైకి కట్టిన ఇళ్లు ఎన్నో ఇప్పుడు మెట్లు దిగి వెళ్లే ఇళ్లయ్యాయి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే సీసీ, ఆ సీసీ మీద మళ్లీ సీసీ. వాన వస్తే హాల్లోకి కప్పలు. మేస్త్రీలు పారదర్శకమైన గొట్టంలో నీళ్లు పోసి రెండు చివర్లా మట్టం చూసే పద్ధతి గది లోపలికి బ్రహ్మాండంగా పనిచేస్తుంది. వీధి మొత్తం వాలును అది చెప్పలేదు. పునాది తీసేముందు వీధి చివరి కల్వర్టు దాకా లెవెల్స్ తీయించుకున్నవాళ్లకు ప్లింత్ ఎంత లేపాలో తెలుస్తుంది. దానికయ్యే ఖర్చు టైల్స్ ఎంపిక కోసం షాపుల చుట్టూ తిరిగే పెట్రోలు ఖర్చుకన్నా కాస్త ఎక్కువ, అంతే.

అనుమతులు సులువయ్యాక ఈ బాధ్యత ఇంకా పెరిగింది. తెలంగాణలో 2020 చట్టం ప్రకారం 75 గజాల్లోపు ఇంటికి రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలు. 600 గజాల్లోపు, 10 మీటర్ల ఎత్తులోపు ఇంటికి సొంత ధ్రువీకరణ మీదే అనుమతి. ఆఫీసుల చుట్టూ తిరిగే బాధ తప్పింది, మంచిదే. కానీ ‘నా స్థలం ఇంత, నేను ఇంత సెట్‌బ్యాక్ వదిలాను’ అని సంతకం పెట్టేది యజమాని. ఆ ‘ఇంత’ కొలవకుండా పెట్టిన సంతకం రేపు ఆయన మీదికే వస్తుంది.

డాలస్‌లోని కొడుక్కి ఈ వ్యవహారం కొత్తేం కాదు. టెక్సస్‌లో అతను ఇల్లు కొన్నప్పుడు లోనిచ్చే బ్యాంకు, టైటిల్ కంపెనీ ముందుగా అడిగింది సర్వే పటం. అందులో ఇంటి గోడ, కంచె, డ్రైవ్‌వే, కరెంటు కంపెనీకి దారి వదిలిన పట్టీ, అన్నీ కొలతలతో సహా ఉంటాయి. పాత సర్వేనే వాడుకుంటామంటే, ‘ఆ తర్వాత నేనేమీ మార్చలేదు’ అని అమ్మేవాళ్లు టీ-47 అనే పత్రం రాసివ్వాలి. అక్కడ అంత పకడ్బందీగా ఇల్లు కొన్న మనవాళ్లే ఇక్కడ ప్లాటును వీడియోకాల్లో చూసి, బావమరిది మాట మీద కొనేస్తారు. అక్కడ బ్యాంకు అడుగుతుంది కాబట్టి సర్వే చేయిస్తారు. ఇక్కడ అడిగేవాళ్లు లేరు. ప్రభుత్వాలు రాళ్లు, పోర్టళ్లు, పథకాల పేర్లు మార్చుకుంటూ పోవడం కన్నా, ఇంటి స్థలం రిజిస్ట్రేషన్‌కి కొలిచిన స్కెచ్చు తప్పనిసరి చేసి, అబద్ధపు స్కెచ్చు ఇచ్చిన సర్వేయరు లైసెన్సు పీకేస్తే సగం పేచీలు పుట్టకముందే పోతాయి.

గడ్డపారకు తగిలిన చప్పుడు

పదకొండవుతోంది. పత్తిచేనులో ఎండ మండుతోంది. సర్వేయరు స్క్రీన్ చూసుకుంటూ నాలుగడుగులు వెనక్కి, అడుగు ఎడమకి జరిగి కాలితో గీత గీశాడు. హెల్పరు తవ్వాడు. అడుగు లోతున ఖంగుమంది.

నల్లరాయి. తల మీద గీసిన గుర్తు మట్టి నిండి సగం పూడిపోయింది. హెల్పరు సీసాలోని నీళ్లు పోసి చేత్తో రుద్దాడు. టీచరుగారు మోకాళ్ల మీద వంగి, ఫోను కెమెరాను దాని మీదికి దించారు. అటువైపు నుంచి మాట లేదు.

ఆ రాయి నుంచి లెక్క కట్టుకుంటూ వెళితే మధ్యాహ్నానికి ప్లాటు మూలలు మూడు తేలాయి. నాలుగో మూల బోరు షెడ్డు గోడలో పడింది. షెడ్డాయన వచ్చి కాసేపు గట్టిగా మాట్లాడి, రాయి చూశాక స్వరం తగ్గించి, ‘‘నోటీసు ఇప్పించండి మాస్టారూ, అందరం ఉన్నప్పుడు కొలుద్దాం’’ అన్నాడు. మరుసటి రోజు ఎఫ్‌లైన్‌కి దరఖాస్తు పడింది.

ఎక్కడో ఒక ప్లాటు కొనిపెట్టుకున్నవారు ఈ వారం ఓ పూట కేటాయించండి. దస్తావేజు, వంద అడుగుల టేపు, తోడుగా ఒక మనిషి చాలు. వైపులు కొలిచాక ఐమూలలు కూడా కొలవండి. 30కి 60 ప్లాటైతే రెండువైపులా 67 అడుగుల 1 అంగుళం రావాలి. రాకపోతే మేస్త్రీకి అడ్వాన్సు ఇవ్వకముందే సర్వేయరుకి ఫోన్ చేయండి.